కార్బురేటర్‌లో పెట్రోలును తోసేదెవరు?

బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు రాశారు. పాత ఓమ్ని వ్యానుకి కార్బురేటర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిలో పెట్రోలు కలిపే భాగం) మార్పించారట. కొత్తది పెట్టిన దగ్గర్నుంచి స్లో, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే తక్కువ వేగం, నిలబడట్లేదు, గేటు దగ్గర ఆగితే ఇంజన్ ఆగిపోతోంది. కూరగాయల లోడుతో సాలూరు ఘాట్ ఎక్కుతుంటే మాత్రం నల్ల పొగ. "ఏటి బాబూ, స్క్రూ ఎటు తిప్పినా ఒప్పుకోట్లేదు" అని మెకానిక్ చేతులెత్తేశాడు. ఒక్క స్క్రూతో రెండు జబ్బులూ ఎలా నయమవుతాయని ఆ పాఠకుడి ప్రశ్న.

నయం కావు. మెకానిక్ తిప్పిన ఆ మిక్స్చర్ స్క్రూకీ ఘాట్‌లో వచ్చే పొగకీ దాదాపు సంబంధం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే పెట్రోలు గాలిలోకి ఎలా వస్తుందో చూడాలి. నాలుగు స్ట్రోకుల కథ ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది, అది వదిలేస్తున్నాను.

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు 740 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి దానికి 11 కిలోల గాలి, అంటే దాదాపు 9,000 లీటర్లు పడుతుంది. ఈ కొలత ఇంజన్ వేగం మారిన ప్రతిసారీ అప్పటికప్పుడు జరగాలి. కార్బురేటర్‌లో కంప్యూటరు లేదు, కొలిచి పోసే పంపు లేదు. ఉన్నది ఒక ఇరుకు గొంతు, కొన్ని చిల్లులు, ఒక చిన్న తొట్టి.

పలాస, సోంపేట వైపు రోడ్డు పక్కన ఉద్దానం కొబ్బరిబొండాం కొనుక్కుని స్ట్రా వేసి తాగండి. మనం నీళ్లను లాగుతున్నామనుకుంటాం. నిజానికి నోట్లో గాలి పీడనాన్ని తగ్గిస్తున్నాం, అంతే. బొండాం కన్నంలోంచి నీళ్ల మీద పడే వాతావరణ పీడనం వాటిని స్ట్రాలోకి తోస్తోంది. నమ్మకపోతే కన్నం చుట్టూ మైనంతో గాలి దూరకుండా మూసి తాగి చూడండి. రెండు గుక్కల తర్వాత నీళ్లు రావు. కార్బురేటర్‌లో బొండాం అంటే ఫ్లోట్ ఛాంబర్. దానికీ పైన గాలి కన్నం ఉంటుంది. కొత్త గాస్కెట్ (అతుకుల్లోంచి గాలి కారకుండా మధ్యలో పెట్టే పలుచని రేకు) ఆ కన్నానికి అడ్డం పడితే బండి కాసేపు నడిచి ఆగిపోతుంది, మళ్లీ కాసేపటికి స్టార్టవుతుంది. అందరూ ట్యాంకు నుంచి పెట్రోలు తెచ్చే పంపును తిడతారు.

స్ట్రాకి మధ్యలో గుండుసూదితో పొడవండి. నీళ్లతోపాటు బుడగలు వస్తాయి, ఎంత పీల్చినా తక్కువే వస్తాయి. ఇది లోపం అనుకుంటాం గానీ, కార్బురేటర్ చేసేవాళ్లు కావాలనే పెడతారు. దాని పేరు ఎయిర్ బ్లీడ్. వేగం పెరిగే కొద్దీ పెట్రోలు అవసరానికి మించి రాకుండా ఆపేది, వచ్చిన పెట్రోలును ముందే నురగ చేసి తేలిగ్గా ఆవిరయ్యేలా చేసేది ఆ కన్నమే. పెట్రోలు కొలతగా వచ్చే సన్న కన్నాన్ని జెట్ అంటారు; సన్న స్ట్రా, లావు స్ట్రా తేడానే జెట్ సైజు. ఇక బొండాం నిండుగా ఉన్నప్పుడు చిన్న గుక్కకే నీళ్లు నోట్లోకి వస్తాయి, అడుక్కి వెళ్తే బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాలి. అది ఫ్లోట్ లెవెల్, అంటే ఫ్లోట్ ఛాంబర్‌లో పెట్రోలు మట్టం. మెకానిక్‌లు చాలామంది లెక్కచేయనిది కూడా అదే.

ఆ గొంతులో నోటి పని చేసేది గాలి వేగం. దారి ఇరుకైతే గాలి వేగం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. బెర్నౌలీ 1738లో, వెంచురి 1797లో ప్రచురించిన సంగతులివి. ఇంటర్‌లో మన పిల్లలు బెర్నౌలీ సమీకరణాన్ని కళ్లు మూసుకుని రాబడతారు, ఉదాహరణ అడిగితే విమానం రెక్క అంటారు. అదే సూత్రం కాలేజీ గేటు బయట ఆగిన పాత బండిలో ఉందని ఎవరూ చూపించరు. ఒక పాత కార్బురేటర్ విప్పి బల్ల మీద పెడితే ఖర్చేముంది?

ఇప్పుడు కాస్త లెక్క. పీడనం తగ్గుదల ½ρv² (ρ గాలి సాంద్రత, v గాలి వేగం). గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకుందాం. లోడుతో వెళ్తున్నప్పుడు గొంతులో గాలి సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతుంటే తగ్గుదల 2,160 పాస్కల్‌లు. అది పెట్రోలును 30 సెంటీమీటర్ల ఎత్తుకు తోయగలదు. స్లోలో 800 సీసీ ఇంజన్ చాలా తక్కువ గాలి తీసుకుంటుంది. గొంతులో వేగం 8 మీటర్లు అనుకుంటే తగ్గుదల 38 పాస్కల్‌లే, అంటే 5 మిల్లీమీటర్ల పెట్రోలు! గొంతులోకి పెట్రోలు వదిలే నాజిల్ మూతి ఫ్లోట్ లెవెల్ కంటే కొన్ని మిల్లీమీటర్లు పైనే ఉంటుంది, అందుకని స్లోలో ఆ నాజిల్‌కి పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్ నుంచి పెట్రోలు రాదు. వేగం ఏడున్నర రెట్లు తగ్గితే తోపు 56 రెట్లు తగ్గడం ఈ యంత్రానికున్న పెద్ద బలహీనత. మిగతా దారులన్నీ దాన్ని సర్దడానికి పెట్టినవే.

స్లోకి వేరే దారి బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే పలక) కింద ఉంటుంది. బటర్‌ఫ్లై దాదాపు మూసుకున్నప్పుడు దాని కింద శూన్యం విపరీతం. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కి వాక్యూమ్ గేజ్ (శూన్యాన్ని కొలిచే మీటరు) పెడితే 18 అంగుళాల పాదరసం చూపించాలి, అంటే వాతావరణ పీడనంలో సుమారు 60 శాతం లోటు. అక్కడి చిన్న కన్నంలోంచి పెట్రోలు నురగ దూసుకొస్తుంది. మిక్స్చర్ స్క్రూ కాపలా కాసేది ఆ ఒక్క కన్నాన్నే. ఘాట్‌లో బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకుంటే ఆ శూన్యం పోతుంది, స్క్రూ మాటా పోతుంది.

మరి స్లో ఎందుకు నిలబడదు? స్క్రూ ముట్టుకోకముందే మూడు చూడాలి. సోలెనాయిడ్ (కరెంటుతో స్లో దారి తెరిచే వాల్వు) ఉన్న రకమైతే దాని వైరు తగిలించారా? అది లేకపోతే స్లో దారి మూసుకునే ఉంటుంది. అడుగు గాస్కెట్ దగ్గర దొంగ గాలి వస్తోందా? అనుమానం ఉన్న చోట నీళ్లు చల్లితే ఇంజన్ చప్పుడు మారుతుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లి చూసేవాళ్లున్నారు, దయచేసి వద్దు. మూడోది, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, పాయింట్లు సరిగ్గా ఉన్నాయా? సగం కార్బురేటర్ జబ్బులు అక్కడే ఉంటాయి.

తర్వాత ఇంజన్ బాగా వేడెక్కనివ్వాలి, చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి గాలిని తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకోవాలి. స్క్రూని మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పి (బిగిస్తే సూది మొన చెడుతుంది), సుమారు రెండు చుట్లు వెనక్కి తీసి స్టార్ట్ చేయాలి. బటర్‌ఫ్లైని ఆపే స్క్రూతో స్లోని మాన్యువల్ చెప్పిన వేగానికి తేవాలి. మిక్స్చర్ స్క్రూని ఇటూ అటూ తిప్పి వేగం ఎక్కడ ఎక్కువో పట్టుకుని, అక్కడి నుంచి వేగం కొద్దిగా పడేదాకా లోపలికి తిప్పాలి. రెండు స్క్రూలనూ ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ సర్దాలి. మిక్స్చర్ స్క్రూ పూర్తిగా మూసినా ఇంజన్ ఆగలేదంటే పెట్రోలు ఇంకెక్కడి నుంచో వస్తోంది. బటర్‌ఫ్లై ఎక్కువ తెరిచి ఉండాలి, లేదా ఫ్లోట్ లెవెల్ ఎక్కువై ఉండాలి. "స్క్రూ ఒప్పుకోట్లేదు" అన్న మాటకు అర్థం చాలాసార్లు ఇదే.

మా వైపు దీన్నంతా హస్తవాసి అంటారు. ఫలానా మేస్త్రీ చెయ్యి పడితేనే బండి దారికొస్తుందని, మంగళవారం ట్యూనింగ్ వద్దని, పని కాగానే నిమ్మకాయ తొక్కించాలని. నిమ్మకాయ సంగతి నాకెందుకు గానీ, ఆ మేస్త్రీ వేగం పడే క్షణాన్ని చెవితో పట్టుకుంటున్నాడు. వాక్యూమ్ గేజ్ కొనుక్కుంటే ఆ హస్తవాసి ఏ కుర్రాడికైనా వస్తుంది.

ఇక ఘాట్ పొగ. సాలూరు ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి సాంద్రత 8 శాతం తక్కువ. గాలి బరువు సాంద్రతతో నేరుగా తగ్గుతుంది, పెట్రోలు దాని వర్గమూలంతోనే తగ్గుతుంది. అంటే మిశ్రమంలో పెట్రోలు పాలు 4 శాతం పెరుగుతుంది. కొండ ఎత్తు వల్ల వచ్చేది ఆ 4 శాతమే, నల్ల పొగ రావడానికి అది చాలదు. సగం మూసుకున్న చోక్, పొంగుతున్న ఫ్లోట్, లేదా వేరే ఇంజన్‌కి ఉద్దేశించిన పెద్ద మెయిన్ జెట్, ఈ మూడింట్లో ఒకటి వెతకాలి. పాత కార్బురేటర్ పారేయకపోతే దాని జెట్ నంబరుతో పోల్చి చూడండి.

పాత నంబరే దొరికినా ఒక మెలిక ఉంది. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో మూడో వంతుకు పైగా బరువు ఆక్సిజన్‌దే, అందుకే దానికి కిలోకి 9 కిలోల గాలి చాలు. కలిపి లెక్కేస్తే 14.7 కాస్తా 13.5 అవుతుంది. స్వచ్ఛమైన పెట్రోలుకు సరిపోయిన జెట్ ఈ ఇంధనంతో 8 శాతం పలచన మిశ్రమం, అంటే ఇంధనం తక్కువైన మిశ్రమం ఇస్తుంది. కొండెక్కితే అందులో సగం దానంతటదే సర్దుకుంటుంది, మైదానంలో మాత్రం పికప్ లేకుండా దగ్గుతుంది. సోలెక్స్ రకం కార్బురేటర్ల జెట్ల మీద అంకె కన్నం వ్యాసాన్ని మిల్లీమీటరులో వందో వంతుల్లో చెబుతుంది. ప్రవాహం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 8 శాతానికి వ్యాసం 4 శాతం పెరిగితే చాలు: 100 ఉన్నచోట 104. అంత కచ్చితమైన జెట్ దొరక్కపోతే 102.5 వేసి, లోడుతో నడిపి, ప్లగ్గు విప్పి రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకో మెట్టు పైకి, మసి పడితే కిందికి, లేత గోధుమ రంగు వస్తే అక్కడే ఆపండి. డ్రిల్ బిట్టుతో మాత్రం జెట్ కన్నం పెద్దది చేయొద్దు.