ఎసరు కాగాకే బియ్యం

చిట్టితల్లీ, బుడ్డోడా,

మీ అమ్మ పంపిన ఫొటో చూశాను. చెప్పుల అట్టపెట్టెలో మూడు పిల్లిపిల్లలు, ఇంకా కళ్ళు తెరవనివి. తల్లిని లారీ గుద్దేసిందన్నారు. "పాలు పెడితే ఎందుకు తాగట్లేదు తాతయ్యా?" అని కదా మీ ప్రశ్న.

ఒకదాని నోట్లో చిటికెనవేలి కొస పెట్టి చూడండి. చల్లగా ఉందా? అయితే పాలు పక్కన పెట్టేయండి. ఎసరు కాగకుండా మీ అమ్మమ్మ బియ్యం పోస్తుందా? పోస్తే అడుగు ముద్ద, పైన పలుకు. దీని పొట్టా అంతే. ఒళ్ళు చల్లబడితే పాలు అరగవు. మొదటి 3, 4 వారాలు తన పొయ్యి తాను రాజేసుకోలేదు, తల్లి పొట్టే దాని నిప్పు. సీసాలో వేడినీళ్ళు పోసి, పాత తువ్వాలు చుట్టి పెట్టెలో ఓ పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచండి, ఉక్కపోస్తే జరగాలిగా. మెల్లగా కాగనివ్వండి, మంట ఎక్కువైతే మాడుతుంది.

కుండ చిన్నది, కాబట్టి వంట 2, 3 గంటలకోసారి, రాత్రుళ్ళు కూడా. ఆవుపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. పెంపుడు జంతువుల షాపులో పిల్లిపిల్లల పాలపొడి అడగండి. అన్నం అయ్యాక గంజి వార్చాలి కదా, దీనికీ వార్చాలి! గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా రుద్దితేనే ఒకటీ రెండూ అవుతాయి. తల్లయితే నాలుకతో చేసేది. (అన్నంతో ఈ పోలికేమిటని అమ్మమ్మ నన్ను కేకలేస్తోంది.)

నా తొమ్మిదో ఏట గడ్డివాము పక్కన రెండు పిల్లలు దొరికాయి. తల్లి కనపడలేదు. దిక్కులేనివనుకుని చొక్కాలో వేసుకొచ్చేశాను. మా చెల్లికి ఉగ్గు పట్టడం చూశానుగా, అలాగే కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గేదెపాలు పోశాను. ఎర్రదాని ముక్కులోంచి పాలు బుడగలుగా వచ్చాయి. తెల్లారేసరికి దాని ప్రాణం పోయింది.

ఆ రాత్రంతా దొడ్డిగోడ మీద తల్లి అరుస్తూనే ఉంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని తరవాత మా నాయనమ్మ చెప్పింది. ఒకదాన్ని కొత్త చోట దించి, మిగతావాటికోసం వచ్చిందన్నమాట. రెండోదాన్ని వాము దగ్గరే వదిలి దూరంగా కూర్చున్నాను. తల్లి మెడ కరుచుకోగానే అది కాళ్ళు ముడుచుకుని బొమ్మలా వేలాడింది. కిక్కురుమనలేదు. అంత నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో!

మీరు మాత్రం బోర్లా ఉంచే పట్టండి, తల్లి దగ్గర తాగినట్టు. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోజూ వంటింటి కాటా మీద తూచండి. పుట్టినప్పుడు ఇంచుమించు 100 గ్రాములుంటుంది, రోజుకి 10, 15 గ్రాములు పెరగాలి. పెరక్కపోతే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

ఇక కళ్ళు. ముక్కు పక్క మూలలో ముందు సన్నటి గీత విచ్చుకుంటుంది. మూడింటికీ ఏ రంగు కళ్ళొస్తాయో ఇద్దరూ పందెం కాయండి. నాకు తెలుసు, చెప్పను. టార్చి వెయ్యకుండా, కిటికీ వెలుగులో చూసి రాయండి.

మీ తాతయ్య