ఎంటీ-32 పాడవలేదు, మీరు వేసిన ఫైలు వేరు

కీబోర్డులు, పాత సౌండ్ మాడ్యూళ్లు (కంప్యూటర్ పంపే నోట్లను మోగించే పెట్టెలు) బాగుచేయడం నా పని. నాకొచ్చే ఫోన్లలో చాలా వరకు ఒకేలా మొదలవుతాయి. "అన్నా, జపాన్ నుంచి రోలాండ్ ఎంటీ-32 మాడ్యూల్ తెప్పించుకున్నా. వెలుగుతోంది, మోగుతోంది. కానీ పాట పాటలా లేదు. లోపల చిప్పేదో పోయినట్టుంది." ఏ ఫైలు వేశారని అడుగుతాను. నెట్‌లో దొరికిన సినిమా పాట మిడి ఫైలు అంటారు. జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: మిడి ఫైలు ఏ మాడ్యూల్‌లో వేసినా అదే పాట వస్తుంది.

వాస్తవం: రాదు. మిడి ఫైలులో శబ్దం ఉండదు, ఏ నోటును ఏ నంబరు వాయిద్యంతో మోగించాలో చెప్పే ఆదేశాలే ఉంటాయి. ఎంటీ-32 వచ్చింది 1987లో. ఏ నంబరుకు ఏ వాయిద్యమో తేల్చిన జనరల్ మిడి వచ్చింది 1991లో. నాలుగేళ్ల తర్వాత పుట్టిన వరుస దీనికెలా తెలుస్తుంది? జనరల్ మిడిలో 105 సితార్. ఎంటీ-32లో 105 మరింబా. సితార్ దీనిలోనూ ఉంది, 64వ నంబరులో. అందుకే సితార్ బిట్ రావాల్సిన చోట చెక్క పలకలు టకటకమంటాయి.

ఇంతకన్నా గాభరా పెట్టేది ఇంకోటుంది. ఆన్ చేయగానే ఈ పెట్టె 2 నుంచి 9 దాకా ఛానళ్లు (ఫైలులో ఒక్కో వాయిద్యం నోట్లు వెళ్లే దారులు), డ్రమ్స్‌కు 10, అంతే వింటుంది. మెలొడీని ఛానల్ 1లో పెట్టిన ఫైళ్లు బోలెడు. తాళం, బేస్ దర్జాగా నడుస్తుంటాయి, పల్లవి మాత్రం ఉండదు. పెళ్లికొడుకు లేని ఊరేగింపు!

ఒకాయన నా దగ్గరికి వచ్చేసరికే వేరే చోట డబ్బు కట్టి కెపాసిటర్లన్నీ మార్పించుకున్నాడు. అయినా పల్లవి రాలేదు. ల్యాప్‌టాప్‌లో మెలొడీని ఖాళీగా ఉన్న ఓ ఛానల్‌కు మార్చా, వచ్చేసింది. "అంతేనా సార్?" అని చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు పాపం. ఆయన్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు. నా మొదటి ఎంటీ-32 ముందు రెండు రాత్రులు సోల్డరింగ్ ఐరన్‌తో కూర్చుని, బోర్డు మీద ఒక రాగి గీతను లేపేసినవాణ్ణి నేనే.

కాబట్టి మూత విప్పకముందు ఛానల్ 2లో నాలుగు నోట్లు పంపండి. డిస్‌ప్లే మీద 1 అంకె ఉన్నచోట (ఛానల్ 2 దీనికి ఒకటో భాగం) నల్ల గడి మెరిసి, శబ్దం వస్తే పెట్టె మీ మాట వింటోందన్నమాట. తర్వాత 1988-91 నాటి సియెర్రా కంపెనీ కంప్యూటర్ ఆట ఒకటి, సౌండ్‌కు ఎంటీ-32 ఎంచుకుని ఆడించండి. దాని అసలు గొంతు అప్పుడు వినాలి! సినిమా పాటలు, 1992 తర్వాతి ఆటలే మీకు కావాలంటే కొనాల్సింది జనరల్ మిడి తెలిసిన మాడ్యూల్: రోలాండ్‌దే ఎస్‌సీ-55, లేదా యమహా ఎంయూ వరుస. "ఎస్‌సీ-55లో ఎంటీ-32 కూడా ఉందటగా?" ఉన్నది దాని టోన్ల (వాయిద్యాల గొంతుల) నకలు మాత్రమే. ఆట తన సొంత టోన్లను సిస్‌ఎక్స్‌లో (ఆ మాడ్యూల్‌కే అర్థమయ్యే ప్రత్యేక సందేశాల్లో) పంపితే ఎస్‌సీ-55కు అర్థం కాదు.

మిగతావి గబగబా. ఆట ఆడాక టోన్లు మారిపోయాయని టెన్షన్ వద్దు, ఆపి ఆన్ చేస్తే పాతవి తిరిగొస్తాయి. బఫర్ ఓవర్‌ఫ్లో అని వస్తే చిప్ పోయినట్టు కాదు, హెడ్‌ఫోన్ రంధ్రం లేని పాత రకానికి కంప్యూటర్ మరీ వేగంగా పంపుతోంది. చవక యూఎస్‌బీ కేబుల్ నోట్లకు చాలు, పొడుగాటి సిస్‌ఎక్స్ దగ్గర తడబడుతుంది.

అడాప్టర్ మాత్రం గబగబా చెప్పేది కాదు. పిన్ను పడితే చాలనుకోకండి. ఎంటీ-32, ఎస్‌సీ-55లకు 9 వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. యమహా ఎంయూ80కి 12 వోల్టులు, మధ్యలో ప్లస్. పెట్టెతోపాటు జపాన్ నుంచి వచ్చిన అడాప్టర్ 100 వోల్టులది, దాన్ని మన 230లో గుచ్చితే పొగే. ఆ వాసన గుమ్మం దగ్గరే నాకు తెలుస్తుంది. అప్పుడిక ఏ ఫైలు వేశారని అడగను.