ఖుక్రీ ఆ రాత్రి ఎందుకు నెమ్మదిగా వెళ్లింది?

2021 డిసెంబర్ 23న విశాఖపట్నంలో విధుల నుంచి విరమించిన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని ఇప్పుడు దియూలో సందర్శకుల కోసం ఉంచారు. అది రెండో ఖుక్రీ. 1971 డిసెంబర్ 9న పాకిస్తాన్ జలాంతర్గామి ముంచేసిన మొదటిది అక్కడికి కొద్ది దూరంలోనే సముద్రం అడుగున ఉంది. డిసెంబర్ 9 దగ్గరపడితే చాలు, దాని మీద వాదన మళ్లీ మొదలవుతుంది.

1971 యుద్ధం ఎందుకొచ్చిందో, కరాచీ మీద మన క్షిపణి పడవలు ఏం చేశాయో చాలామందికి తెలుసు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి, ఓడతో పాటే వెళ్లిపోయిన సంగతీ తెలుసు. గొడవ వాటి గురించి కాదు. జలాంతర్గామి పొంచి ఉన్న నీళ్లలో, దాన్ని వేటాడడానికే వెళ్లిన ఓడ 12 నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) నెమ్మది వేగంతో ఎందుకు సాగింది?

చాలామంది సోనార్ (శబ్దంతో నీటి అడుగున వెతికే పరికరం) ప్రయోగం దగ్గరే ఆగిపోతారు. ఓడలోని సోనార్ మరింత దూరం పసిగట్టేలా ఒక యువ అధికారి చేసిన పరికరాన్ని ఆ ప్రయాణంలో పరీక్షిస్తున్నారు. వేగం పెరిగితే ఓడ చేసే రొదలోనే శత్రువు నుంచి తిరిగొచ్చే శబ్దం కలిసిపోతుంది. అందుకని వేగం తగ్గించారు. జలాంతర్గామి ఉన్నచోట వేగంగా, వంకరటింకరగా వెళ్లాలన్నది నావికులకు మొదటి పాఠం కాబట్టి, ప్రయోగమే ముంచిందని ఒక వర్గం అంటుంది. కెప్టెన్ దానికి ఒప్పుకోకూడదని కూడా అంటుంది.

సరే, ఆ పరికరం అవసరం అసలు ఎందుకొచ్చింది? నా దృష్టిలో కథ మలుపు తిరిగింది ఆ రాత్రి కాదు. ఫ్రాన్స్ తయారు చేసిన డాఫ్నే తరగతి జలాంతర్గాములు పాకిస్తాన్ చేతికి వచ్చిన 1969-70 కాలంలో తిరిగింది.

ఖుక్రీ బ్రిటన్‌లో కట్టిన బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్ రకం యుద్ధనౌక. 1958లో మన నౌకాదళంలో చేరింది. కిర్పాన్, కుఠార్ దాని తోటి ఓడలు. తక్కువ ఖర్చులో ఎక్కువ సంఖ్యలో కట్టుకోవడానికి గీసిన డిజైన్ అది. పెద్ద ఫిరంగులు లేవు. జలాంతర్గామి మీదికి బాంబులు విసిరే రెండు లింబో మోర్టార్లే ప్రధాన ఆయుధం. డాఫ్నే దీని చప్పుడును చాలా ముందే వినగలదు, దీని సోనార్‌కు అందనంత దూరం నుంచే టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధం) వదలగలదు. దానికి తోడు అరేబియా సముద్రంలో పైనీళ్లు వెచ్చగా, కిందనీళ్లు చల్లగా ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట సోనార్ శబ్దం వంగిపోతుంది. కింద ఉన్నవాడికి అదే చాటు. ఈ తేడా గురించి నౌకాదళం తర్వాత ప్రచురించుకున్న చరిత్రలోనే ఉంది.

దియూ వైపు నుంచి జలాంతర్గామి రేడియో సంకేతాలు దొరకడంతో డిసెంబర్ 8న బొంబాయి నుంచి ఖుక్రీ, కిర్పాన్‌లను పంపారు. వెతికే ఓడలకు చెవులు మందం, వెతకబడేదానికి పదును. ఆ లోటు పూడ్చడానికే ఆ పరికరం. దానికోసమే వేగం తగ్గింది. తప్పు పట్టాలంటే ఆ లోటుతో మొదలుపెట్టాలి.

9వ తేదీ రాత్రి తొమ్మిదికి కాస్త ముందు పాకిస్తాన్ డాఫ్నే జలాంతర్గామి హంగోర్ వదిలిన మొదటి టార్పెడో కిర్పాన్ కిందుగా పోయి పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది. ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. మర్నాడు 67 మందిని రక్షించారు. కిర్పాన్ అక్కడే ఆగి రాత్రే వాళ్లను ఎందుకు తీసుకురాలేదన్న విమర్శ ఉంది. ఆగి ఉంటే అదీ మునిగేదన్నది జవాబు.

ప్రయోగమే కారణమనేవాళ్లు తర్వాతి నాలుగు రోజుల గురించి పెద్దగా మాట్లాడరు. ఓడలు, విమానాలు కలిసి ఆ సముద్రమంతా జల్లెడ పట్టాయి. హంగోర్ దొరకలేదు. క్షేమంగా కరాచీ చేరింది.