జబ్బు ప్రబలుతుంది, షాపు ప్రబలదు: కొన్ని అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దుతాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్, ఎప్పుడైనా ఒక కవితల పుస్తకం. చేరిన కొత్తలో ఒక బట్టల షాపు కరపత్రం నా చేతి మీదుగా పోయింది. ‘జిల్లా నలుమూలలా ప్రబలుతున్న మా శాఖలు’ అని ఉంది. చదివాను, సంతకం పెట్టాను. రెండు వేల కాపీలు అచ్చయ్యాక ఓనరు వచ్చి, ‘ఏం స్వామీ, మాది షాపా, డయేరియానా?’ అన్నాడు. కాగితం ఖర్చు నా జీతంలోంచి పోయింది. అప్పట్నుంచి ‘వ్యాపించు’ బంధువుల్లో ఏ మాట కనిపించినా పెన్ను కాసేపు ఆగుతుంది.

అపోహ: పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోవచ్చు.

కోచింగ్ మెటీరియల్‌లో ‘వ్యాపించు, ప్రబలు, పాకు, అలుముకొను, విస్తరించు’ అని వరసగా ఇస్తారు. బిట్టుకు మార్కు తెచ్చుకోవడానికి అది చాలు. వాక్యం రాయడానికి చాలదు. ఎందుకంటే ఈ క్రియల్లో ప్రతిదానికీ తన కర్త ఎవరో ముందే తెలుసు. పొగ అలుముకుంటుంది, మబ్బు కమ్ముకుంటుంది, తీగ అల్లుకుంటుంది. తిరుమల మీద మంచు అలుముకున్నా, కమ్ముకున్నా నేను దిద్దను. వాసన గుప్పుమంటుంది, అది మంచిదైతే గుబాళిస్తుంది కూడా. మురుగు గుబాళించదు. దాచిపెట్టిన సంగతి బయటికి పొక్కుతుంది. దాచని సంగతి పొక్కడానికి ఏమీ లేదు, కాబట్టి ‘పరీక్ష ఫలితాలు విడుదలయ్యాయన్న వార్త పొక్కింది’ అని ఎవరైనా రాస్తే నవ్వొస్తుంది.

ఇక నా జీతం తిన్న ‘ప్రబలు’. అందులో ఉన్నది ప్రబల, అంటే బలం పుంజుకున్నది. మాట పుట్టుకలో చెడ్డేమీ లేదు. కానీ ఇప్పటి వాడుకలో రోగాలు, మూఢనమ్మకాలు, పుకార్లే ప్రబలుతున్నాయి. సంతోషం, శాంతి వెల్లివిరుస్తాయి. వెల్లి అంటే వరద, వెల్లువలో ఉన్నది అదే.

అపోహ: ‘పాకు’ పల్లెటూరి మాట, అచ్చులో ‘వ్యాపించు’ అనే రాయాలి.

దీని మీద నాకు కొంచెం కోపమే. ‘పాకు’ పాత రూపం ‘ప్రాకు’, పద్యాల్లో దర్జాగా కూర్చున్న మాట. పైగా అది చేసే పని ‘వ్యాపించు’ చేయలేదు. మా ప్రెస్సు గోడ చూపిస్తాను. మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. దసరాకు నేల దగ్గర రూపాయి బిళ్లంత తడి మచ్చ కనిపించింది. దీపావళికి స్విచ్‌బోర్డు కిందికి వచ్చింది. కార్తీకం అయ్యేలోగా క్యాలెండరు అంచు మెత్తబడింది. ఈ జరిగినదానికి ‘గోడకు తేమ పాకింది’ అన్నది తప్ప ఇంకో మాట అతకదు. ‘తేమ వ్యాపించింది’ అంటే మచ్చ ఎంత మేర ఉందో తెలుస్తుంది గానీ, గోడను పట్టుకుని అంగుళం అంగుళం పైకి వచ్చిన తీరు కనిపించదు. పాకడానికి పట్టు కావాలి. అందుకే నాచు పాకుతుంది, తిమ్మిరి పాకుతుంది, ఎండుగడ్డి వెంట మంట పాకుతుంది. వాసనకు పట్టు అక్కర్లేదు, అది పాకదు. ‘వార్త ఊరంతా పాకింది’ అన్నా ఇల్లిల్లూ పట్టుకుని పోయిందనే.

అపోహ: దోమలు మలేరియాను వ్యాపిస్తాయి.

ఆరోగ్యం కరపత్రాల్లో ఏటా దిద్దే వాక్యం ఇది. చివర ‘ఇంచు’ ఉంది కదా, దేన్నో చేయించడమే అనుకుంటారు. సంస్కృత మాటను తెలుగు క్రియగా మార్చడానికీ ‘ఇంచు’ చేరుతుంది. ‘వ్యాపించు’ అకర్మకం: మలేరియా తానే వ్యాపిస్తుంది, ఆడ అనాఫిలిస్ దోమ దాన్ని వ్యాప్తి చేస్తుంది. 2020 తర్వాత ‘వ్యాప్తి’ అందరి నోళ్లలో నానింది గానీ ఈ తప్పు మాత్రం తగ్గలేదు. ఇంకోటి, జబ్బు మనిషికి సోకుతుంది, ఊళ్లో వ్యాపిస్తుంది. ‘అతనికి మలేరియా వ్యాపించింది’ అని రాస్తే ఆ మనిషిని ఊరు చేసినట్టు.

అపోహ: వ్యాపించేది కాబట్టి వ్యాపారం.

వినడానికి బాగుంటుంది, సభల్లో చప్పట్లు కూడా పడతాయి. కానీ రెండింటి ధాతువులు వేరు. వ్యాప్తిలో ఉన్నది ‘ఆప్’, అంటే పొందడం, చేరడం. వ్యాపారంలో ఉన్నది ‘పృ’, దాని ముందు ‘వి’, ‘ఆ’ ఉపసర్గలు. పనిలో తలమునకలై ఉండటం దాని పాత అర్థం.

అపోహ: చిత్తూరు వాళ్ల తెలుగు తమిళం కలిసి పాడైంది.

ఈ మాట బయటివాళ్లకంటే మనవాళ్లే ఎక్కువ అంటారు. నగరి, పుత్తూరు వైపు సంతలో తమిళం మాట్లాడేవాళ్లు జ్వరం ‘పరవుదు’ అంటారు. పలమనేరు, కుప్పం దాటి కర్ణాటకలోకి వెళితే ‘హబ్బుత్తదె’ అంటారు. ఇప్పుడు 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తెరిస్తే ‘పర్వు’, ‘ప్రబ్బు’ కనిపిస్తాయి, రెండింటికీ వ్యాపించడమనే అర్థం. తమిళం పరవు మన పర్వు. కన్నడంలో మొదటి ‘ప’ చాలా మాటల్లో ‘హ’ అయింది (మన పాలు వాళ్లకు హాలు), అలా చూస్తే హబ్బు మన ప్రబ్బుకు తోబుట్టువు. ఇందులో అప్పు తెచ్చుకున్నది లేదు, అంతా ఒకింటి ఆస్తి. మనమే ఆ రెండు మాటల్నీ పద్యాల్లో వదిలేసి సంస్కృతం ‘వ్యాపించు’ పట్టుకున్నాం. చాప పరిచేటప్పుడు మాత్రం ఆ పాత వేరు మన చేతిలోనే ఉంది.

‘విస్తరించు’కు ఒక సౌకర్యం ఉంది: రోడ్డు విస్తరించింది అనవచ్చు, రోడ్డును విస్తరించారు అనవచ్చు. ఆ బట్టల షాపు కరపత్రం రెండోసారి అచ్చేసినప్పుడు నేను పెట్టింది ఈ మాటే, ‘విస్తరిస్తున్న మా శాఖలు’ అని. అదీ సరిగా అతకలేదు. విస్తరించేది వ్యాపారం, శాఖలు పెరుగుతాయంతే. ఓనరు అప్పుడేమీ అనలేదు. ఇప్పటికీ దసరాకు ముందు వస్తాడు, ప్రూఫు నా ముందు పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఈసారి క్రియాపదమే తీసేశాను: ‘పుత్తూరులోనూ, పలమనేరులోనూ మా షాపు.’