సెటిల్డ్ వేరు, క్లోజ్డ్ వేరు: లోన్లపై అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో ఒక బ్యాంకు లోన్ల సెక్షన్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నా టేబుల్ ముందు కూర్చున్నవాళ్ల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఏదని అడిగితే తడుముకోకుండా చెప్తాను: "అది ఎప్పుడో సెటిల్ చేసిన కదా మేడం!"

మొన్న సోమవారం కూడా అదే మాట. ములుగు రోడ్డులో బైక్ మెకానిక్ షెడ్డు నడుపుకునే ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. హసన్‌పర్తి వైపు ఇల్లు చూసుకున్నారు, 18 లక్షల హోమ్ లోన్ కావాలి. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అగ్రిమెంటు కాగితం అన్నీ ప్లాస్టిక్ కవర్లో వరుసగా పెట్టుకొచ్చారు. సిబిల్ రిపోర్టు, అంటే మనం ఏ అప్పు ఎలా కట్టామో చూపించే కాగితం, తీసి చూస్తూ ఐదేళ్ల కిందటి క్రెడిట్ కార్డు దగ్గర ఆగిపోయాను. స్టేటస్ గడిలో 'సెటిల్డ్' అని ఉంది. దాని కింద సెటిల్‌మెంట్ సొమ్ము 40,000. అక్కడ వేలు పెట్టి చూపిస్తే ఆయన ముఖం వెలిగింది. "చూడు, సెటిల్డ్ అనే ఉన్నది" అని భార్యతో అన్నాడు. నాకు కాసేపు మాట పెగల్లేదు.

అపోహ: లోన్ సెటిల్ చేస్తే క్లోజ్ అయినట్టే

కాదు. ఈ ఒక్క మాట ఎక్కువమందికి చేరాలనే ఇదంతా రాస్తున్నాను.

చిక్కంతా ఎక్కడ వస్తోందంటే, మన దగ్గర సెటిల్ అనేది మంచి మాట. పిల్లగాడు హైదరాబాద్‌లో సెటిల్ అయిండు అంటాం. అన్నదమ్ముల భూమి పంచాయితీ సెటిల్ అయింది అంటాం. గొడవ తీరింది, ఇక ఎవరికి ఎవరూ బాకీ లేరని మనకు అర్థం. రికవరీ వాళ్లు ఫోన్ చేసి "అన్నా, సగం కట్టి సెటిల్ చేసుకో, ఫైల్ క్లోజ్ అయితది" అంటే, ఆ రెండు మాటలూ ఒకటేనని ఎవరైనా నమ్ముతారు. నమ్మినవాళ్ల తప్పు లేదు.

బ్యాంకు భాషలో క్లోజ్డ్ అంటే అసలు, వడ్డీ, ఛార్జీలతో సహా పైసా మిగలకుండా కట్టారని. సెటిల్డ్ అంటే, "ఈయన మొత్తం కట్టలేదు, వచ్చినకాడికి తీసుకుని మిగతాది మేం వదులుకున్నాం" అని. రేపు ఇంకో బ్యాంకులో లోన్ అడిగితే, అక్కడి ఆఫీసరు చదివేది ఈ రెండో వాక్యాన్నే. ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచి ఉంచాలని క్రెడిట్ బ్యూరోలకు, అంటే ఇలాంటి రిపోర్టులు ఇచ్చే సిబిల్ లాంటి సంస్థలకు, నిబంధన ఉంది. కాబట్టి "అది పాతది కదా" అంటే కుదరదు.

మెకానిక్ అన్న లెక్కే చూడండి. కార్డు బాకీ 94,000. కరోనా టైములో షెడ్డు మూతపడి కట్టలేకపోయాడు. 40,000 కట్టి సెటిల్ చేసుకున్నాడు. 54,000 మిగిలాయని ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు బ్యాంకులు కాదన్నాక ఒక ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు 14 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. 18 లక్షలకు, ఇరవై ఏళ్లకు, 9 శాతం అయితే ఈఎంఐ 16,195 రూపాయలు. 14 శాతం అయితే 22,383. నెలకు 6,188 తేడా. ఇరవై ఏళ్లకు 14 లక్షల 85 వేలు! ఆ అంకె కాలిక్యులేటర్‌లో చూపించినప్పుడు ఆయన భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సగం కట్టమని ఫోన్ చేసినవాడు ఈ సంగతి కూడా చెప్పి ఉంటే తాళి అమ్మైనా కట్టేదాన్ని అంది ఆమె.

మా తమ్ముడిదీ ఇదే కథ. 2020లో ఉద్యోగం పోయి పర్సనల్ లోన్ మూడు నెలలు తప్పాడు. ఒక ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు మా ఇంటికే వచ్చి, మా అమ్మ ముందే కూర్చుని, "అమ్మా, 60 వేలు కడితే మీ బాబు పేరు క్లీన్" అన్నాడు. అమ్మ చీటీ డబ్బులు తీసిచ్చింది. నేను అప్పుడు ఇంట్లో లేను, నాకు చెప్పలేదు. తెలిసేసరికి రిపోర్టులో ఆ మాట ఎక్కేసింది. అందుకే ఎవరైనా "సెటిల్ చేసుకోమంటున్నరు మేడం" అంటే సీట్లోంచి లేచి మరీ ఆపుతాను.

అలాగని సెటిల్‌మెంట్ పాపమేమీ కాదు. ఇంట్లో పెద్ద జబ్బు చేసి, సంపాదించే మనిషే మంచాన పడితే, అదే దారి కావచ్చు. అది చేసుకున్నవాళ్లు తలదించుకోవాల్సిన పని లేదు, ఇక జన్మలో లోన్ రాదనీ కాదు. కాకపోతే ముందు గడువు అడగండి, ఈఎంఐ తగ్గించి నెలలు పెంచమని అడగండి, కార్డు బాకీ అయితే వాయిదాల్లోకి మార్చమనండి. ఏదీ కుదరకపోతేనే సెటిల్‌మెంట్. అదీ సెటిల్‌మెంట్ ఒప్పుకున్నట్టు వాళ్ల లెటర్ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు.

ఇప్పటికే సెటిల్డ్ అని పడిందా? దారి ఉంది. లోన్ ఇచ్చిన సంస్థకే రాతపూర్వకంగా రాసి, అప్పట్లో వదులుకున్న సొమ్ము కట్టేస్తామని చెప్పండి. ఎంత కట్టాలో వాళ్లు చెప్తారు. కట్టాక ఇక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, స్టేటస్ క్లోజ్డ్‌గా మార్చి పంపమని అడగండి. మార్చాల్సింది ఆ సంస్థే. అది చెప్పకుండా సిబిల్ వాళ్లు కూడా తమంతట తాము ఒక్క అక్షరం మార్చలేరు. పూర్తిగా కట్టినా రిపోర్టు తప్పుగానే చూపిస్తుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన.

"5 వేలిస్తే సిబిల్ క్లీన్ చేస్తాం" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు పచ్చి మోసం. దయచేసి ఫార్వర్డ్ చేయకండి. నిజమైన పాత బాకీలను డబ్బు తీసుకుని చెరిపే మనిషి ఈ దేశంలో లేడు.

అపోహ: రైట్ ఆఫ్ చేశారంటే మాఫీ అయినట్టే

ఇదీ మాటల తికమకే. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన లెక్కల పుస్తకంలోంచి తీసేయడం. మీ బాకీ అలాగే ఉంటుంది, వసూలు ఆగదు. మాఫీని వేవ్ ఆఫ్ అంటారు. 2024లో మన రాష్ట్రంలో జరిగిన 2 లక్షల రుణమాఫీ అలాంటిది, ఆ డబ్బు ప్రభుత్వం కట్టింది. అదీ పంట రుణాలకే. ట్రాక్టర్ లోన్ కూడా పోయిందనుకుని కట్టడం మానేసిన రైతులు నర్సంపేట, పరకాల వైపు నుంచి ఇప్పటికీ వస్తున్నారు.

అపోహ: మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుంది

స్కోరు అంటే మన అప్పుల చరిత్రకు బ్యూరో వేసే మార్కులు. మనం చూసుకుంటే అవి తగ్గవు. నాలుగు బ్యూరోలు ఉన్నాయి, ఒక్కోటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇల్లు చూసి అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోండి.

అపోహ: జమానతు సంతకం ఉత్తదే

కాదు. అవతలివాడు ఎగ్గొడితే మీ రిపోర్టులోనూ పడుతుంది.

మెకానిక్ అన్నకు కార్డు కంపెనీకి పంపే మెయిల్ నేనే కూర్చుని రాసిచ్చాను. కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు, సెటిల్‌మెంట్ తేదీ, మిగిలిన 54,000 కట్టి క్లోజ్డ్ అని రాయించుకుంటానన్న మాట, అంతే. నిన్న సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. కట్టాల్సిన సొమ్ము ఎంతో వారంలో చెప్తామని జవాబు వచ్చిందట. ఇంటి ఓనరు రెండు నెలలు ఆగుతానన్నాడట. ముందు ఆ సొమ్ము ఎంతో రాతలో రానియ్యి అన్నా, అప్పటిదాకా ఆ 14 శాతం వాళ్ల కాగితాల మీద సంతకం పెట్టకు అని చెప్పాను.