గని తవ్వితే దారి వస్తుందా? గనుల ప్రాంతాల మౌలిక సదుపాయాలపై అపోహలు – వాస్తవాలు

గని నుంచి ఖనిజాన్ని బయటికి తరలించే దారుల ప్రణాళిక నా వృత్తి. గని ముఖం దగ్గర మొదలుపెట్టి రోడ్డు, కన్వేయర్, రైల్వే సైడింగ్ (సరుకు నింపే పక్క లైను), ఓడరేవు దాకా ఏది ఎంత సామర్థ్యంతో కావాలో లెక్క కట్టడం, నిర్మాణం ఆ లెక్క ప్రకారం సాగుతోందో లేదో చూడటం మా పని. కొత్త గని వస్తోందని తెలియగానే చుట్టుపక్కల ఊళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఇక మన ప్రాంతం దశ తిరుగుతుందని కొందరంటే, మనకు దుమ్ము తప్ప మరేమీ మిగలదని మరికొందరంటారు. ఇద్దరి మాటకూ ఆధారాలున్నాయి. వాటిలో ఏది నిజమవుతుందన్నది భూమిలో ఎంత ఖనిజం ఉందనేదాని కన్నా, దాన్ని తరలించడానికి వేసే దారి ఎటు పోతుంది, దాన్ని వాడుకునే హక్కు ఎవరికి ఉంటుంది అన్న రెండు విషయాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

అపోహ: ముందు గని వస్తుంది, రోడ్లూ రైళ్లూ ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: బరువు ఎక్కువ, టన్ను ధర తక్కువ ఉండే బొగ్గు, ఇనుప ఖనిజం, బాక్సైట్ వంటి వాటి విషయంలో దారి లేనిదే గని లేదు. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో సిమాందూ కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని దశాబ్దాలుగా తెలుసు. అన్వేషణ అనుమతులు 1997లోనే ఇచ్చారు. అయినా దేశం అడ్డంగా 600 కిలోమీటర్లకు పైగా రైలు మార్గం, దాని చివర సముద్ర తీరంలో ఓడరేవు సిద్ధమయ్యేదాకా, అంటే 2025 చివరిదాకా, అక్కడి ఖనిజం ఓడ ఎక్కలేదు. మన దగ్గరి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఇల్లందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించినా, అక్కడ తవ్వకం 1889లో గానీ మొదలుకాలేదు. నిజాం రైలు మార్గం ఇల్లందునూ బెజవాడనూ చేరుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

అపోహ: ఉన్న రోడ్డును వెడల్పు చేస్తే సరిపోతుంది, రైలు మార్గం దాకా వెళ్లనవసరం లేదు.

వాస్తవం: చిన్న గనికి ఈ మాట చెల్లుతుంది, పెద్ద గనికి చెల్లదు. ఏడాదికి కోటి టన్నులు తీసే గనిని తీసుకుందాం. టిప్పరుకు 25 టన్నుల చొప్పున ఏటా 4 లక్షల ట్రిప్పులు, అంటే రోజుకు దాదాపు 1,100 లోడు బళ్లు బయలుదేరాలి. అన్నే ఖాళీ బళ్లు తిరిగి రావాలి. పగలూ రాత్రీ ఒక్క నిమిషం ఆగకుండా నడిపినా, ఆ రోడ్డు పక్కనున్న బడి ముందు నుంచి ప్రతి 40 సెకన్లకు ఒక బండి పోతుంది. అదే సరుకును రైలులో పంపితే, ఒక్కో రేకు, అంటే ఒక గూడ్సు బండి, 3,500 నుంచి 4,000 టన్నులు మోస్తుంది కాబట్టి, రోజుకు ఏడెనిమిది రేకులు చాలు. దీనికి తోడు రోడ్డు దెబ్బతినే తీరు ఇరుసు బరువుతో నేరుగా కాక, సుమారుగా దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఇరుసు మీద 20 శాతం అదనపు బరువు వేస్తే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు అవుతుందన్నమాట. గ్రామీణ రహదారి ఒక్క వానాకాలానికే గుంతలమయం కావడానికి ప్రతిసారీ కాంట్రాక్టరే కారణం కాదు. ఆ బరువుల కోసం ఆ రోడ్డును ఎవరూ డిజైన్ చేయలేదు. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు ఏళ్ల తరబడి లారీల్లోనే కొత్తగూడెం వైపు వెళ్లింది. భద్రాచలం రోడ్ (కొత్తగూడెంలోని స్టేషన్) నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం 2022లో అందుబాటులోకి వచ్చాకే ఆ భారం రోడ్డు మీద నుంచి దిగడం మొదలైంది.

అపోహ: గని కోసం రైలు మార్గం వచ్చిందంటే ఆ ప్రాంతానికి రైలు సౌకర్యం వచ్చినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బైలడీలా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయాలన్న నిర్ణయం ఫలితంగా 1960ల్లో కొత్తవలస–కిరండోల్ మార్గాన్ని నిర్మించారు. కిరండోల్, దంతెవాడ, జగదల్‌పుర్, కోరాపుట్, అరకు మీదుగా తూర్పు కనుమలు దాటి విశాఖ తీరానికి చేరే ఈ 445 కిలోమీటర్ల పైచిలుకు దారి ఇంజనీరింగ్ పరంగా అసాధారణమైనది. పదుల కొద్దీ సొరంగాలతో, సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్‌తో, లోడు రేకు ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ లాగే బలం కన్నా బ్రేకుల మీదే భద్రత ఆధారపడే ఆ వాలుతో, మా వృత్తిలోని వారు ఎంతో గౌరవంగా చూసే మార్గమది. పెద్ద ఓడలు నింపడానికి విశాఖలో ఔటర్ హార్బర్‌ను 1976లో ప్రారంభించడానికి ముఖ్య కారణాల్లో ఈ ఖనిజం ఒకటి. తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా ఈ దారినే ముడి ఖనిజం చేరింది.

అయితే ఈ దారి చూపు రేవు వైపే. జగదల్‌పుర్ మనిషికి పని పడేది రాజధాని రాయ్‌పుర్‌లో. అది రోడ్డున 300 కిలోమీటర్ల దూరం. రైలెక్కాలంటే మాత్రం ఒడిశా చుట్టి, దాదాపు రెట్టింపు దూరం ప్రయాణించాలి. ఇంట్లో రోగి ఉన్న కుటుంబానికి ఈ తేడా ఎంత భారమో చెప్పనక్కర్లేదు. పైగా సింగిల్ లైన్ మీద ఖనిజం రేకులకు చోటు ఇచ్చాక ప్రయాణికుల బండ్లకు మిగిలే వేళలు కొద్దిగానే ఉంటాయి. ఇప్పుడు సాగుతున్న డబ్లింగ్ (రెండో లైను వేసే) పనుల విలువ అక్కడే తెలుస్తుంది. ఇన్ని పరిమితులున్నా ఈ మార్గం ప్రజలకు ఎంతో కొంత దక్కింది. అరకు, బొర్రా గుహల పర్యాటకం, ఏజెన్సీ రైతుల సంతలు, విశాఖ ఆసుపత్రులకు వెళ్లే దారి, ఇవన్నీ ఆ పట్టాల వల్లనే తేలికయ్యాయి. అదే బైలడీలా నుంచి విశాఖకు ఖనిజపు పొడిని నీటిలో కలిపి పంపే 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం కూడా ఉంది. ఖర్చు పరంగా, లారీలూ రేకులూ తగ్గించడం పరంగా అది మంచి ఏర్పాటే. కానీ అది పోయే దారిలోని ఏ ఊరి మనిషీ, ఏ బస్తా ధాన్యమూ దాన్ని వాడుకోలేవు. ఒకే కొండ, ఒకే రేవు, రెండు దారులు. వాటి మధ్య తేడా డిజైన్ దశలోనే తేలిపోయింది.

అపోహ: గనికి కరెంటు వస్తే పక్క ఊరికీ వచ్చేస్తుంది.

వాస్తవం: సబ్‌స్టేషన్‌ను ఎంత సామర్థ్యానికి కట్టారు, దాని నుంచి పంపిణీ లైన్లు వేసే ఖర్చు ఎవరిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. జాంబియా రాగి గనుల అవసరమే ముఖ్యంగా జాంబేజీ నదిపై కరీబా డ్యామ్‌ను కట్టించింది. విద్యుత్తు 1959 నుంచి అందింది. ఆ జలాశయం కోసం ఊళ్లు వదిలి వెళ్లిన దాదాపు 57,000 మంది టోంగా ప్రజల్లో చాలామంది మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు చీకట్లోనే ఉన్నారు. దీనికి భిన్నంగా, కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలార్ బంగారు గనులకు 1902లో కరెంటు తెచ్చిన మైసూరు సంస్థానం, అదే కేంద్రం నుంచి 1905లో బెంగళూరు వీధులకు వెలుగు ఇచ్చింది. నీటి సంగతీ అంతే. గనిలోంచి తోడిపోసే నీటిని శుద్ధి చేసి చెరువులకో పొలాలకో ఇవ్వవచ్చు గానీ, అందుకు కావలసిన గొట్టాలు ప్రాజెక్టు అంచనాల్లో ఉండాలి.

అపోహ: ఖర్చంతా కంపెనీదే, లేదా ఖర్చంతా ప్రభుత్వానిదే.

వాస్తవం: ఎక్కువగా పంచుకుంటారు. సత్తుపల్లి మార్గానికి సింగరేణి దాదాపు 619 కోట్ల రూపాయలు భరించింది. దీనికి వేరుగా, 2015లో గనుల చట్టం సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు పాత లీజుదారులు రాయల్టీలో (ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుములో) 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం అదనంగా చెల్లించాలి. గని వల్ల నష్టపోయిన ప్రజల తాగునీరు, వైద్యం, చదువు వంటివి ఆ నిధికి మొదటి ప్రాధాన్యం. లారీలు తిరగడానికి వేసే రోడ్డును ఆ నిధితో వేసి అభివృద్ధి పని కింద చూపించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రోడ్డు గని వ్యాపార ఖర్చు.

అపోహ: గని మూతపడితే కట్టినవన్నీ వృథా.

వాస్తవం: అన్నీ కావు. కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఒకప్పటి క్వార్టర్లు పాడుబడ్డాయి, బంగారం తీయగా మిగిలిన సయనైడ్ మట్టి దిబ్బలు అలాగే ఉన్నాయి. కానీ గనుల కోసం వేసిన మారికుప్పం–బంగారుపేట రైలు మార్గం ప్రధాన లైనుకు కలిసి ఉండటంతో, వేలమంది ఆ బండ్లు ఎక్కి రోజూ బెంగళూరు వెళ్లి పనిచేసుకుని వస్తున్నారు.

అపోహ: ఇవన్నీ నిపుణులు, అధికారులు తేల్చుకునే విషయాలు, ఊరివాళ్లకు చెప్పుకునే చోటు లేదు.

వాస్తవం: పర్యావరణ అనుమతి ప్రక్రియలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ అందుబాటులో ఉండాలి. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. సభలో ఉద్యోగాల గురించి, పరిహారం గురించి తప్పక అడుగుతారు, అడగాలి కూడా. రవాణా గురించి అడిగేవారు మాత్రం తక్కువ. రోజుకు ఎన్ని బళ్లు, ఏ వేళల్లో, ఏ ఊరి మీదుగా పోతాయి. సైడింగ్ సిద్ధమయ్యేలోపు ఎన్నేళ్లు లారీలు నడుస్తాయి. కొత్త రైలు మార్గంలో ప్రయాణికుల బండి ఆగడానికి స్టేషన్లు ఎక్కడ. సబ్‌స్టేషన్‌లో ఊళ్ల కోసం ఎంత సామర్థ్యం కేటాయించారు. రోడ్డు మరమ్మతు ఖర్చు ఏటా ఎవరిది. ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా ఇచ్చి, సభ మినిట్స్‌లో నమోదు చేయించాలి. అనుమతి షరతుల్లోకి ఎక్కిన అంశం మా డిజైన్ డ్రాయింగులోకి వస్తుంది. పట్టాలు వేశాక స్టేషన్ అడిగితే స్థలం నుంచి సిగ్నలింగ్ దాకా అంతా మళ్లీ మొదలుపెట్టాలి.