డెల్టాలో వరి తర్వాత ఏమిటి? పాత ప్రశ్నకు కొంత చరిత్ర

గోదావరి డెల్టాలో అనాది నుంచీ వరే పంట అనుకుంటాం. నిజానికి ఈ స్థాయి వరి ధవళేశ్వరం ఆనకట్ట తర్వాతి సంగతి. అంతకుముందు ఈ తీరానికి పేరు తెచ్చినవి నేత బట్ట, ఓడలు. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో, యానాం దగ్గర ఇంజరంలో ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం నడిపేది. కోరంగిలో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇంగ్లండు మిల్లు గుడ్డ దిగాక మగ్గాలు మూలపడ్డాయి. దానికి తోడు 1833 కరువు, 1839 కోరంగి ఉప్పెన. చేతిపని పోయి, నేల మీద నమ్మకం లేక జనం వలసపోతున్న రోజుల్లో ఇంజినీరు ఆర్థర్ కాటన్ వచ్చాడు.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కింద ఇప్పుడు దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాటన్ కాలువలు తవ్వించింది పొలాలకే కాదు, పడవలకు కూడా. ఇప్పటికీ కనిపించే లాకులు అందుకు కట్టినవే. రైలు, ఆ తర్వాత లారీ వచ్చి పడవ పోయింది, వరి మిగిలింది.

ఆ వరి మిగులే మొదటి పరిశ్రమలకు పెట్టుబడి అయింది. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ తదితరులు తణుకులో పెట్టిన ఆంధ్రా షుగర్స్ చక్కెరతో మొదలై కొవ్వూరులో కాస్టిక్ సోడాకు, ఆపైన ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారు చేసేదాకా వెళ్లింది. చెరుకు రైతుల ఊరి నుంచి రాకెట్ ఇంధనం! డెల్టా వైవిధ్యం గురించి మాట్లాడేవాళ్లు ఈ ఉదాహరణను ఎందుకో పెద్దగా ఎత్తరు.

ఎత్తేది గ్యాస్ గురించి. ఓఎన్‌జీసీ కోనసీమలో బావులు తవ్వడం మొదలుపెట్టాక ఇక దశ తిరిగిందనుకున్నారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి మంట లేచింది. దాన్ని ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2002లో కాకినాడకు ఎదురుగా సముద్రంలో రిలయన్స్‌కు భారీ నిక్షేపాలు దొరికాయి, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆ గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరి, కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులో వెళ్లింది. జేగురుపాడు, వేమగిరి, పెద్దాపురం వైపు గ్యాస్ కరెంటు ప్లాంట్లు లేచాయి. రెండేళ్లు తిరగకముందే బావుల్లో ఉత్పత్తి పడిపోవడం మొదలైంది. 2013 నాటికి ఆ సముద్రపు గ్యాస్ కరెంటు ప్లాంట్లకు రావడం ఆగిపోయింది. దానిమీదే ఆధారపడ్డ కొత్త ప్లాంట్లు కట్టినవి కట్టినట్టే ఖాళీగా నిలబడ్డాయి. మరుసటి ఏడాది జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పైపులో పోతున్న గ్యాస్ అప్పటి కృష్ణా జిల్లాలోని కరెంటు ప్లాంటుకు. ముప్పు ఇక్కడ, వెలుగు అక్కడ అన్న కోపం కోనసీమలో ఊరికే పుట్టలేదు.

ఎవరూ పథకం వేయకుండానే డెల్టాను మార్చింది మాత్రం చెరువు. కొల్లేరు వైపు చేపలతో మొదలై, 1990ల్లో టైగర్ రొయ్య భీమవరం చుట్టూ వరిచేలను మింగింది. తెల్లమచ్చ తెగులు దాన్ని ముంచింది. 2009 తర్వాత వనామీ రకం రొయ్యతో మళ్లీ లేచింది. ఇందులో డబ్బుంది, కాదనలేం. కానీ చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే జనరేటర్, డీజిల్, టెన్షన్. పక్క పొలం వరి రైతుకేమో ఉప్పు ఊట భయం. 2025 ఆగస్టులో, ఈ రొయ్యలు కొనే అమెరికా మన సరుకు మీద వేసే సుంకం 50 శాతానికి చేరేసరికి, గోదావరి రైతు లెక్క వాషింగ్టన్‌లో తేలుతోందని అందరికీ తెలిసొచ్చింది.

వరి రైతుకైనా సుఖం లేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలం వరి) వేయబోమని పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణం, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోవడం మరో కారణం. ఈ రెండోది కొత్తదేమీ కాదు. డెల్టా మురుగు పనుల కోసం 1968లోనే ప్రత్యేక సెస్సు చట్టం చేశారు. నీళ్లు తెచ్చే కాలువకు ఉన్న గౌరవం నీళ్లు తీసేసే కాలువకు ఎప్పుడూ దక్కలేదు.

ఇక దాళ్వా, అంటే రెండో పంట వరి. వేసవిలో గోదావరి సన్నగిల్లాక డెల్టాకు దిక్కు సీలేరు నది. అక్కడి జలవిద్యుత్ కేంద్రాలు టర్బైన్లు తిప్పి వదిలిన నీరే శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి ధవళేశ్వరం చేరుతుంది. కొండ మీద కరెంటు ఎప్పుడు తీస్తారన్నదాన్ని బట్టి శివారు భూములకు వంతు నీళ్లు అందుతాయో లేదో తేలుతుంది. నీరు, కరెంటు వేర్వేరు శాఖలే గాని డెల్టాకు రెండూ ఒకటే.

194 టీఎంసీల నిల్వ, 960 మెగావాట్ల కేంద్రంతో తలపెట్టిన పోలవరం ఈ లంకెను మార్చగలదు. నిల్వ నీరు దగ్గర్లో ఉంటే దాళ్వా సీలేరు మీద వేలాడక్కర్లేదు. అయితే దాని కుడి కాలువ 80 టీఎంసీలను కృష్ణకు తీసుకెళ్తుంది, ఎడమ కాలువ విశాఖ పరిశ్రమల వైపు సాగుతుంది. గ్యాస్ విషయంలో జరిగిన బేరం నీటి విషయంలో జరగకూడదంటే, దాళ్వాకు ఎన్ని టీఎంసీలు, ఏ నెలలో అన్నది ముందే కాగితం మీద పడాలి. మురుగు కాలువల డబ్బు కూడా అదే కాగితంలో ఉండాలి.